ఏడాదికి సరిపడా మాటలు

“మళ్ళీ చెప్పు. ఈసారి కొంచెం కోపంగా.”

ఆమె సోఫాలో బాసింపట్టు వేసుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

“లేవండి. పాలు పొంగిపోతున్నాయి. లేస్తారా, మొహాన నీళ్ళు చల్లమంటారా?”

అతని మొహం చాటంత అయింది. “ఇదీ అలారమంటే. రోజూ పొద్దున ఇదే మోగాలి.”

పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. పెళ్ళికి వచ్చిన కాఫీ కప్పుల్లో సగం అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. వారానికో జత బయటికి తీసి, కొత్త కప్పుల్లో తాగితే కాఫీ రుచే వేరని ఇద్దరూ మురిసిపోతుంటారు.

ఆమె చెవిటి పిల్లల బడిలో టీచరు. వేసవి సెలవులు కాగానే వేరే దేశంలో, అలాంటి బడిలోనే, ఏడాదిపాటు పాఠాలు చెప్పడానికి వెళ్తోంది. ఎంపికైన రోజున ఇద్దరూ చేతులు పట్టుకుని హాల్లో గెంతారు. కింది వాటావాళ్ళు పరుగున వచ్చి ఏమైందని అడిగితే, బొద్దింక కనిపించిందని చెప్పారు.

ఇప్పుడు అదే హాల్లో రెండు సూట్‌కేసులు నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. ఒకదాంట్లో ఉన్ని కోటు, మందపాటి మేజోళ్ళు, చేతి తొడుగులు.

“ఇవేసుకుని పిల్లలతో సైగలు చేస్తే?” అన్నాడతను తొడుగులు ఎగరేస్తూ.

“నత్తి వస్తుంది,” అంది ఆమె.

ఇద్దరూ నవ్వుకుంటుండగా అతని అక్క వచ్చింది. ఆవిడ స్వెటర్లు అల్లి అమ్ముతుంది. మరదలి కోసం అల్లిన మఫ్లర్ తెచ్చింది. వచ్చీ రాగానే సూట్‌కేసుని దాటబోయి కాలు తగిలించుకుంది.

“ఒరేయ్, ప్రయాణానికి ఇంకా నెలల టైముంది. ఇప్పట్నించే ఇంటిని ప్లాట్‌ఫారం చేసి పెట్టారేంట్రా?”

“తర్వాత తీరిక దొరకదక్కా,” అంటూ అతను ఫోను మళ్ళీ భార్య నోటి దగ్గర పెట్టాడు.

“ఆహా, తీరిక లేని మనిషివే. ఆ ఫోనేంటి, దాని నోట్లో కుక్కుతున్నావు?”

“మాటలు రికార్డు చేసుకుంటున్నా.”

“రోజూ ఫోన్లో మాట్లాడుకోరా ఏంటి?”

“మనకి పగలైతే అక్కడ రాత్రి. నాకు వినాలనిపించినప్పుడు దాన్ని నిద్ర లేపనా?”

ఆవిడ పగలబడి నవ్వింది. “ఈ వసపిట్టని ఎలా భరిస్తావురా అని పెళ్ళికి ముందు నేనే అడిగాను. ఇప్పుడు చూడు, దాని వాగుడు డబ్బాలకెత్తి దాచుకుంటున్నాడు.”

మఫ్లర్ తీసి మరదలి మెడ చుట్టూ తనే రెండు చుట్లు చుట్టింది. “అక్కడి చలికి గొంతు పట్టేస్తుంది. ఇది తియ్యకు.”

“చాలా బావుంది వదినా,” అంది ఆమె. ఆ మాట జీరగా వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏడ్చి ఏడ్చి గొంతెలా చేసుకున్నావే. ఏడాదికే ఇంతా?”

అతను చప్పున మధ్యలోకి వచ్చాడు. “అక్కా, నేను నేర్చుకున్నవి చూస్తావా?”

కొన్నాళ్ళుగా భార్య దగ్గర సైగలు నేర్చుకుంటున్నాడు. ఆమె ఎదురుగా నిలబడి నేర్పుతుంది. అతను అద్దంలో బొమ్మలా చేస్తాడు. ఆమె కుడి అతనికి ఎడమ అవుతుంది. ఇప్పుడు ఆకలేస్తోందని చెప్పబోయి ఏం చేశాడో గానీ, ఆమె సోఫాలో ఒరిగిపోయి నవ్వింది.

“ఏమంటాడు?” అంది అక్క.

“ఉతికి ఆరెయ్యమంటున్నారు, వదినా.”

“ఆరెయ్యి, వదలకు. అయినా పాఠాలు చెప్పేది అది కదరా. నువ్వెందుకు వేళ్ళు విరగ్గొట్టుకోవడం?”

“సరదాకి,” అన్నాడు.

మళ్ళీ మొదలుపెట్టాడు. తెల్లారితే పరీక్ష ఉన్నవాడిలా, పెదవి కొరుక్కుంటూ, ఒకే సైగ పదేపదే చేశాడు. నుదుటి మీద చెమట పట్టింది.

అతను కాఫీ పెట్టడానికి వెళ్ళాక, ఆడపడుచు ఆమె పక్కకి జరిగింది. “అంత బాధగా ఉంటే మానెయ్యొచ్చుగా. ఎవరూ ఏమనుకోరు.”

ఆమె తల అడ్డంగా ఊపింది. “మానను వదినా. ఆ పిల్లల మధ్య ఉంటే నాకే లోటూ ఉండదు. ఈయన గురించే నా దిగులు.”

కాఫీలయ్యాక అతను ఫోను మళ్ళీ తీశాడు. “ఇంకొక్కటి. వంటింట్లోంచి పిలుస్తావే, అలా పిలువు.”

“ఇక్కణ్ణించి పిలిస్తే చాలదా?”

“చాలదు. ఆ గిన్నెల చప్పుడు కూడా కావాలి.”

ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. గిన్నె మీద గరిటె తగిలించింది.

“ఏవండోయ్.”

అతను హాల్లో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. పలకలేదు.

“ఏవండోయ్, మిమ్మల్నే.”

పలకలేదు.

“పిలుస్తోంది కదరా, పలకవేం?” అంది అక్క.

పలికితే మళ్ళీ పిలవదని అతని భయం. ఆమెకూ ఆ సంగతి తెలుసు. అందుకే గొంతు పూర్తిగా అరిగిపోయేదాకా పిలుస్తూనే ఉంది. చివరికి అతనే వెళ్ళి కుళాయి కట్టేశాడు.

అక్క చెప్పులు వేసుకుంటూ తమ్ముడి భుజం తట్టింది. “ఒక్క ఏడాదేరా. ఇట్టే తిరిగొస్తుంది. ఆపైన జీవితమంతా ఈ గొంతే వినాలి, అప్పుడు నా దగ్గరికొచ్చి మొత్తుకోకు.”

ఇద్దరూ నవ్వుతూ ఆవిణ్ణి గుమ్మం దాకా సాగనంపారే గానీ, ఆ సాయంత్రమే ఆమె ఆస్పత్రిలో చేరాలని, క్యాన్సర్ పాకిన స్వరపేటికని డాక్టర్లు రేపు తీసేశాక ఆ గొంతు ఇక ఎప్పటికీ వినిపించదని చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు.