మేనత్త పెట్టిన చిచ్చు

మూడు ఖండాల్లో మూడు కొంపలకు నిప్పుపెట్టే ఉత్తరాలు పోస్టు డబ్బాలో వేసి, ఎలీసబెతు తీరిగ్గా ఇంటికొచ్చి పొయ్యి మీద పప్పు పెట్టింది.

పెద్దపల్లి మిషన్ కాంపౌండులో ఆమె నోటిని ఎరగనివాళ్లు లేరు. తమ్ముడూ మరదలూ కలరా గత్తరలో పోతే, వాళ్ల ముగ్గురు పిల్లల్నీ పెంచింది ఆమే. పోలీసు యాక్షన్ గొడవలు సద్దుమణిగాక ఆ ముగ్గురూ ఒకరి వెనక ఒకరు సముద్రాలు దాటారు. పెద్దవాడు మోషే నైరోబీలో రైల్వే గుమాస్తా. రెండోవాడు సీమోను చెన్నూరు పిల్లను చేసుకుని రంగూన్ వెళ్లి, కలప కంపెనీలో కుదిరాడు. చిన్నది సంతోషమ్మ ఇంగ్లండులో నర్సు. చేరగానే ముగ్గురూ చిరునామాలు పంపారు.

ఇంత చక్కగా చెల్లాచెదురైన కుటుంబాన్ని కలిపి ఉంచే భారం దేవుడు ఎలీసబెతు మీద పెట్టాడు. ఆమె దాన్ని తన పద్ధతిలో మోసింది.

సీమోను పెళ్లాం వండిన కూర కుక్క కూడా ముట్టదని మోషే అంటున్నాడంటూ రంగూన్‌కు రాసింది. మోషే ఉద్యోగం రైలు పట్టాలు ఊడవడమేనని సీమోను చెప్పుకుంటున్నాడంటూ నైరోబీకి రాసింది. చెల్లెకు తెలుగు మరుపొచ్చిందని అన్నలిద్దరూ నవ్వుకుంటున్నారంటూ ఇంగ్లండుకు రాసింది.

సంతోషమ్మ మండిపడింది. తెలుగు మరవలేదని రుజువు చేయడానికి, పెద్దపల్లి అంగట్లో కూడా వినపడని తిట్లు ఏరి అన్నలిద్దరికీ పంపింది. 'నేనట్ల అనలే' అని వాళ్లు జవాబిచ్చారు. అబద్ధాలకోరులని ఆమె మళ్లీ రాసింది. ఆ తిట్ల సందుల్లోనే ఎవరింట్లో బిడ్డ పుట్టిందో, ఎవరికి జ్వరం తగ్గిందో అందరికీ తెలిసిపోయేది. ప్రేమగల తోబుట్టువులైతే క్రిస్మసుకు ఒక కార్డు వేసి ఊరుకుంటారు. వీళ్లకు ఆ సౌకర్యం లేదు.

ఉత్తరాల మీద ఇంగ్లీషులో చిరునామాలు రాసిపెట్టే పాస్టరుగారు ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు.

"ఎందుకమ్మా పిల్లల నడుమ పుల్లలు పెడ్తవు? సమాధానపరచువారు ధన్యులని సదివినవు గద!"

"సదివిన అయ్యగారూ. సమాధానపడ్డోళ్లు సప్పుడు జెయ్యరు."

ఈసారి మాత్రం ఆమె ఏకంగా సమాధిలోనే చెయ్యి పెట్టింది. వచ్చే రోహిణి కార్తె మొదటి ఆదివారం మీ అవ్వబాపుల సమాధికి రాయి వేయిస్తున్నారు, దాని మీద నీ పేరు మాత్రం ఉండదట అని ముగ్గురికీ విడివిడిగా తెలియజేసింది.

తల్లిదండ్రుల సమాధిని ఒక్కసారైనా తలచుకోని ముగ్గురికీ అకస్మాత్తుగా భక్తి పొంగింది. సెలవులు పెట్టారు. ఓడలెక్కారు. ఆ ఆదివారం రోహిణి కార్తె ఎండలో, చెమటలు కక్కుతూ, ఎవరికి వారుగా శ్మశానానికి చేరారు.

అక్కడ రాయి లేదు. రెండు మట్టి దిబ్బలూ, వాటి నిండా ముళ్లకంపా ఉన్నాయి.

"రాయేది?" అన్నాడు మోషే.

"నన్నడుగుతవేందన్నా? చేయించేది నువ్వేనట గద!" అన్నాడు సీమోను.

"నేనెందుకు చేయిస్త? నువ్వూ చెల్లె కూడి చేయిస్తున్నరట!"

"ఇంగ్లండుల కూసోని నేను రాళ్లు చెక్కుతున్ననా?" అంది సంతోషమ్మ. "గీ మాట మీకెవలు జెప్పిండ్రు?"

ముగ్గురి నోటా ఒకే మాట వచ్చింది. "అత్త!"

సీమోను వంగి ఒక ముళ్లకొమ్మ పీకాడు. మిగతా ఇద్దరూ వంగారు. మోషే నెత్తిమీది టోపీ జారి పడింది. నున్నటి బట్టతల తళతళలాడింది.

"నీకు బట్టతలొచ్చిందని చిన్నన్న రాస్తె తిట్టనుకున్న. నిజమేనా పెద్దన్నా?" అని సంతోషమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే అన్నను పట్టుకుని ఏడ్చింది.

కంపంతా తీసేసి, అత్త సంగతి తేల్చుకోవడానికి ముగ్గురూ కలిసి ఇంటికి నడిచారు.

"అన్నానికి కూసోండ్రి. సల్లారిపోతది," అంది ఎలీసబెతు, ఏమీ జరగనట్టు.

"ముందు జవాబు జెప్పత్తా," అన్నాడు మోషే. "ఇన్నేండ్లు మమ్మల్ని కొట్లాడపెట్టినవు. నీకేం ఒచ్చింది?"

ఎలీసబెతు ముగ్గురి పళ్లేల్లోనూ పప్పు వడ్డించింది. సంతోషమ్మకే మనసు ఆగలేదు.

"పోనియ్యన్నా. మీరిద్దరు రాసినదానికి అత్త జర ఉప్పుకారం కలిపిందనుకో. నాకంటె మీరే నయం. డ్యూటీలల్ల పడి నేనైతె అత్తకు ఒక్క ఉత్తరమన్న రాయకపోతి. మీరు రాస్తున్నరు గదా అని ఊకున్న."

మోషే సీమోను వైపూ, సీమోను మోషే వైపూ చూశారు, ఎందుకంటే చిరునామా పంపిన నాటి నుంచి వాళ్లిద్దరిలోనూ ఏ ఒక్కరూ ఆ ఇంటికి ఒక్క ముక్క రాయలేదు.