గోడ అవతలి చప్పుడు

మధ్యాహ్నం మేస్త్రీ కంపెనీ ఇచ్చిన తన క్వార్టర్‌లో గోడ అతుకు మీద సుత్తితో కొట్టి చూశాడు. డొల్లగా మోగింది. వెంటనే అవతలి నుంచీ దెబ్బలు వినిపించాయి. పక్కింట్లోకి ఇంకా ఎవరూ రాలేదే!

ఫ్యాక్టరీలో పోసిన గోడల్ని తెచ్చి నిలబెట్టడం తప్పని ఎవరన్నారు? పద్ధతిగా చేస్తే నూరేళ్ళుంటాయి. అతుకులో కింది రంధ్రం నుంచి సిమెంటు పాలు ఎక్కించి, పై రంధ్రంలోంచి పొంగేదాకా ఆగాలి, అంతే. ఆ కాస్త ఆగడానికే కంపెనీకి ఓపిక లేదు. ఈ భవనం కట్టేటప్పుడు సూపర్‌వైజరు అరిచేవాడు: "రోజుకో అంతస్తు లేవాలి. నువ్విలా పొంగేదాకా కూర్చుంటే తెల్లారినట్టే! పై రంధ్రానికి బిరడా కొట్టేసి పద." మేస్త్రీ కొట్టేశాడు.

మళ్ళీ అవతల దెబ్బలు. మేస్త్రీ వెళ్ళి పక్కింటి తలుపు తోశాడు.

విప్పని సామాను మధ్య సుత్తి పట్టుకుని సూపర్‌వైజరే నిలబడి ఉన్నాడు. పొద్దున్నే దిగాడట.

"బాబ్బాబు, ఈ గోడలో ఏ అతుకులు నింపావో, ఏవి వదిలేశావో చెప్పవయ్యా. పాప మంచం ఇక్కడే వెయ్యాలి."

"గుర్తు లేదు సార్. ఆర్నెల్లుగా నేనూ గోడనే అడుగుతున్నాను."