దొరకొచ్చిన ఒకే ఒక్క మాట

గాసిని జీలుగు చెట్టుకు కట్టేశారు.

"తాడు బిగిసిందేటి?" అన్నాడు సిపాయి భీముడు, తుపాకీ సవరించుకుంటూ.

"ఎందుకడుగుతావు మావా, వొదులు సేత్తావా?"

గాసి నోరు బెదరలేదు. 

సర్కారు మీద తిరగబడ్డ పితూరీ వాళ్లకు బియ్యం మోశాడని నేరం. మోసిన మాటా నిజమే.

పక్కన గుర్రం మీద దొర. ఫ్రాన్సు యుద్ధంలో ఒక చెవి పారేసుకుని ఈ కొండల మీద వచ్చి పడ్డవాడు. అతనికొచ్చిన తెలుగు మాట ఒక్కటే, ‘ఆపు’. అదైనా తిన్నగా రాదు. ముక్కులోంచి ‘నాపూ’ అంటాడు. సీసా ఖాళీ అయితే "నాపూ" అని విసిరేస్తాడు. తాగుడు ఆపేశాడని సిపాయిలు సంబరపడతారు. మర్నాడు ఇంకో సీసా. మొన్న ఘాటీలో రెండో గుర్రం లోయలో పడి ప్రాణం వదిలితే, తొంగి చూసి "నాపూ" అన్నాడు. నడక ఆపమన్నాడని దండంతా అక్కడే గుడారాలు వేసేసింది.

గంగ వచ్చి దొర గుర్రానికి అడ్డంగా పడింది.

"నా గుంటల తండ్రి బాబూ! ఆపండి బాబూ!"

దొర ఆమెవైపు చూడలేదు. మంచు కొండ దిగుతోంది. భీముడు గురిపెట్టాడు. దొర గాసివైపు వేలు చూపించాడు.

"నాపూ!"

కళ్లెం తిప్పి మంచులోకి వెళ్లిపోయాడు.

భీముడు తుపాకీ దించి, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"ఆపమన్నాడ్రా! నీ పెళ్లాం గోడు ఇన్నాడు. బతికేవు, పో!"

"దండం ఎట్టకుండా పోతే బాగుంటాదేటి?" అంది గంగ.

సాయంత్రం తేనె దొప్ప, పుంజు పట్టుకుని ఇద్దరూ గుడారం దగ్గరకు వెళ్లారు. లోపల దొర ఈల వేస్తున్నాడు. గుమ్మంలో బట్లరు వరహాలు నిలబడ్డాడు. దొర వెంట ఫ్రాన్సు వెళ్లొచ్చినవాడు. ఇన్నాళ్లూ జ్వరంతో కింద ఊళ్లో పడుండి, అప్పుడే కొండెక్కాడు.

"ఎవర్రా?"

"పొద్దున్న దొరబాబు నాపూ అని వొగ్గేసినోణ్ని బాబూ." గాసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

వరహాలు చేతిలో పళ్లెం ఘల్లుమంది. పుంజు కొక్కొరోకోమంది.

లోపల ఈల ఆగింది.

"బేగి పొండెహె!" వరహాలు గొంతు తగ్గించాడు. "అది తెలుగు కాదురా నాయనా! ఫ్రెంచి ముక్క. యుద్ధంలో మన తెల్ల సోల్జర్లు ఇరిసేసి ఊతపదం సేసుకున్నారు. సీసా అయిపోయినా అదే మాట, పేణం పోయినా అదే మాట."

బూట్ల చప్పుడు దగ్గరైంది. గుడారం తెర కదిలింది.

"మడిసిని సూపించి నాపూ అంటే సంపీమని!"