ఆఖరి పేపరు

తలుపు తీసిన చెల్లెల్ని చూడగానే ఎంకన్న నోట మాట ఆగిపోయింది. సుజాత చేతిలో హాల్ టికెట్టు ఉంది.

"అన్నా! చెప్పకుండ వచ్చినవేంది? ఇయ్యాల నాకు ఆఖరి పేపర్. పదింటికే."

తెల్లారకముందే బాపు పోయాడు. ఫోన్లో చెబితే పట్నంలో ఒక్కతే తల్లడిల్లిపోతుందని, ఎవరినీ చెప్పనివ్వకుండా, తానే జనగామలో మొదటి బస్సెక్కాడు. పరీక్ష సంగతి ఆ దుఃఖంలో గుర్తుకే రాలేదు.

భర్త బాలస్వామి ఉద్యోగం కోసం సుజాత తార్నాకకు వచ్చి రెండు నెలలైంది. పెళ్లితో ఆగిన ఆమె చదువును పట్టుబట్టి మళ్లీ మొదలుపెట్టించింది బాపే. మంచాన పడ్డాక కూడా, "పరీక్షలు అయ్యేదాంక గీడికి రావొద్దు బిడ్డా" అని ఒట్టు వేయించుకున్నాడు. ఈ ఒక్క పేపరు పోతే ఏడాది పోయినట్టే.

చెబితే పరీక్ష పోతుంది. చెప్పకపోతే, తండ్రి శవం అక్కడ ఉండగా కూతురితో పరీక్ష రాయించిన పాపం తనది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ముందుగాల నీళ్లు తాగు" అంటూ గ్లాసు అందించింది సుజాత.

ఎంకన్న చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. చావు కబురు తెచ్చినవాడు ఆ ఇంట మంచినీళ్లయినా ముట్టకూడదు. వాళ్ల ఊరి పట్టింపు అది.

"బస్సులనే తాగిన."

సుజాత గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి పోయింది. డ్యూటీకి పోయిన బాలస్వామితో కాబోలు, ఫోన్లో సన్నగా మాట వినిపించింది. చాలాసేపటికి ముఖం కడుక్కుని, పెద్ద బ్యాగుతో వచ్చింది.

"ఏందే, కండ్లు గంత ఎర్రగున్నయి?"

"రాత్రంత చదివిన."

ఆటోలో ఒక్క పుస్తకమూ తీయలేదు. కళ్లు మూసుకుని కూర్చుంది. బాపు గురించి ఒక్క మాటా అడగలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "బాపు తిన్నడా?" అన్నదే మొదటి మాటగా ఉండే పిల్ల! అడగనందుకు ఎంకన్న ముందు బతికిపోయాననుకున్నాడు. క్యాంపస్ గేటు దాటేసరికి కోపం వచ్చింది. పట్నం గాలి రెండు నెలలకే ఇంత పని చేస్తుందా?

"లోపలికి బ్యాగు తీస్కపోనియ్యరు. పట్టుకోని గీడనే కూసో" అని అతని చేతికిచ్చి, వెనక్కి చూడకుండా మెట్లెక్కిపోయింది.

మూడు గంటలు. బ్యాగు బండలా ఉంది. ఇన్ని పుస్తకాలు ఎట్లా చదివిందో! లేచి పోవడానికి లేదు. గట్టిగా ఏడుద్దామంటే చుట్టూ పిల్లలు నవ్వుకుంటూ తిరుగుతున్నారు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది.

"బిడ్డ రాంది ఎత్తొద్దని మీ అమ్మ కూసున్నది. చెప్పినవా లేదా?" అని చిన్నాయన అరిచాడు.

"చెప్తా చిన్నాయనా."

"ఎప్పుడురా? ఊరంత గీడనే ఉన్నది!"

చావు కబురు చల్లగా చెప్పాడని ఊరు తిడుతుంది. తిడితే తిట్టనీ. కానీ ఇంతసేపు దాచినందుకు చెల్లెలే ఇక ముఖం చూడకపోతే?

ఒంటిగంటకు బెల్లు మోగింది. సుజాత అందరికంటే ముందు బయటికి వచ్చింది.

"మంచిగ రాసినవా?"

"అన్ని రాసిన. ఒక్కటి గూడ ఇడ్వలే."

ఎంకన్న లేచాడు. ఇక తప్పదు. "చెల్లే, బాపు..."

సుజాత అతని చేతిలోంచి బ్యాగు అందుకుని జిప్పు లాగింది. అందులో పుస్తకం ఒక్కటీ లేదు. నాలుగు చీరెలు, బాలస్వామి బట్టలు రెండు జతలు ఉన్నాయి.

"పా అన్నా... నువ్వు నీళ్ల గ్లాసు ముట్టనప్పుడే నాకు ఎరికైంది."