ఆదివారం దాకా వాడండి

“ఆయన పాడుతున్నారు డాక్టరుగారూ,” అంది ఇంద్రాణి గొంతు తగ్గించి. “స్నానాలగదిలో. పక్క ఫ్లాటు వాళ్లు కూడా విన్నారు.”

పెళ్లయ్యాక అప్పారావు పాడటం ఇదే మొదలు. సైన్యంలో సుబేదారుగా రిటైరై మయూర్ విహార్‌లో స్థిరపడిన ఆయన, ఫొటోగ్రాఫరు బతిమాలినా నవ్వే రకం కాదు. దీపావళి పొగకు ఆయాసం పట్టుకుంటే కూతురు సాత్విక తీసుకొచ్చి ఈ క్లినిక్‌లో చూపించింది.

“స్టెరాయిడ్ మహిమ ఆంటీ,” అన్నాడు కుర్రడాక్టరు హిందీలో. “అదీ ఒక హార్మోనే. నెత్తురులోంచి మెదడుకెక్కి అక్కడి కణాల పనితీరు మార్చేస్తుంది. కొందరికి చిరాకు, కొందరికి హుషారు. మాత్రలు మానితే మామూలు మనిషైపోతారు.”

మామూలు మనిషి అనేసరికి ఇంద్రాణి గబగబా ఇంటిదారి పట్టింది.

ఇంటికి రాగానే కూతుర్ని వంటింట్లోకి లాగింది. “దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకో. నీ ఫరీదాబాద్ అబ్బాయి సంగతి ఇవాళే చెప్పు.”

నిరుడు ఆ మాటెత్తితే అప్పారావు, “తెలుగు రాని అల్లుడా? అంతగా కావాలంటే నేను చచ్చాననుకో,” అన్నాడు. పిల్ల అన్నం మానేసి ఏడ్చింది.

ఇవాళ అదే మనిషి కూతురి వీపు తట్టాడు. “హిందీవాడైతేనేం? సర్వీసంతా హిందీలోనే తిట్లు తిన్నాను కదా. తీసుకురా!”

“ఆదివారం గానీ తనకి తీరదు నాన్నా.”

“ఠీక్ హై. ఏం చేస్తాడు?”

“ఉద్యోగమే. మీకు నచ్చుతాడు.”

ఇంద్రాణి మాత్రల అట్ట చూసింది. శుక్రవారంతో సరి. శనివారానికి ఈయన మళ్లీ సుబేదారైతే? కూతురి మొహంలో వెలుగు చూసి ఆమెకు ఏడుపొచ్చింది.

శుక్రవారం క్లినిక్‌లో ఆమె నోరు విప్పకముందే, డాక్టరు అప్పారావు వీపు మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నాడు.

“పిల్లికూతలు ఇంకా ఉన్నాయి అంకుల్. ఆదివారం దాకా వాడండి. సోమవారం నుంచి తగ్గిద్దాం.”

“నాకు బాగానే ఉంది కదయ్యా!”

“డాక్టరుకంటే మీకు ఎక్కువ తెలుసా?” అని ఇంద్రాణి కసిరింది. అడక్కుండానే వరమిచ్చిన ఆ మనిషికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

ఆదివారం గారెలు వేగుతున్నాయి. అప్పారావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఈల వేస్తున్నాడు. బెల్లు మోగింది. సాత్విక సిగ్గుపడి తల్లినే వెళ్లమంది. గుమ్మంలో ఓ అబ్బాయి స్వీట్ల డబ్బాతో వంగి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాడు.

తెల్లకోటు లేకపోయేసరికి డాక్టరుగారిని ఇంద్రాణి వెంటనే పోల్చుకోలేదు.