ముట్టుకోని గుర్రం

"భయ్యా, థోడా పీఛే హటో!" అని విసుక్కున్నాడు సాత్విక్.

వెనక నిలబడ్డ పెద్దాయన కిక్కురుమనకుండా ప్రేక్షకుల కోసం కట్టిన తాడు అవతలికి జరిగాడు. మంకీ క్యాపు, భుజాన రెండు సంచులు, చేతిలో ఫ్లాస్కు.

ఎవరి డ్రైవరో అనుకున్నాడు సాత్విక్. గురుగ్రామ్‌లో ఏ పోటీకెళ్లినా ఆటగాళ్ల కంటే వాళ్ల డ్రైవర్లే ఎక్కువ కనిపిస్తారు మరి.

అతని విసుగుకి కారణముంది. ఢిల్లీ చదరంగం జట్టులో ఒక్క చోటే మిగిలింది. ఈ ఆట గెలిస్తే అది సాత్విక్‌ది. డ్రా అయినా సరే, ఎదురుగా కూర్చున్న హాసినిది.

దానికోసమే ఏడాదిగా ఢిల్లీ జియా సరాయ్‌లో కిటికీ లేని అద్దె గదిలో చదరంగం పుస్తకాలు నమిలాడు.

మూడేళ్లుగా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. సాత్విక్ ఎప్పుడూ ఆడే సిసిలియన్ ఆరంభం హాసినికి కంఠతా వచ్చు. అందుకే ఈసారి మొదటి ఎత్తులోనే దారి మార్చి కారో-కాన్ అనే మరో ఆరంభం ఆడాడు. పాపం, ఆమె పదకొండు నిమిషాలు బోర్డు మీంచి తల ఎత్తలేదు.

సాత్విక్ లోలోపల ఈల వేసుకున్నాడు.

ముప్పై నాలుగో ఎత్తు దగ్గర కొంప మునిగింది.

బంటు జరపడానికి చెయ్యి చాపాడు. పక్కనున్న గుర్రం బోర్లా పడింది.

"టచ్ మూవ్!" హాసిని చెయ్యెత్తింది.

ముట్టుకున్న పావును కదపాల్సిందే. గుర్రం కదిలితే వెనకున్న మంత్రి పోతుంది. మంత్రి పోతే ఇంక ఆడేదేముంది?

అంపైరు అరుంధతి పరుగున వచ్చింది.

"నేను ముట్టుకోలేదు మేడమ్! జాకెట్ తగిలింది!"

"వేళ్లతో పట్టుకున్నాడు మేడమ్. నేను చూశాను."

"పొరపాటున తగిలితే లెక్క లేదు. పట్టుకుంటే మాత్రం కదపాలి. ఇంకెవరైనా చూశారా?" హిందీలో అడిగింది అరుంధతి.

చుట్టూ ఉన్నవాళ్లు చూపులు తిప్పుకున్నారు. ఊరికే పోయే గొడవని నెత్తికెత్తుకునేదెవరు?

తాడు అవతల ఒక చెయ్యి లేచింది. మంకీ క్యాపు పెద్దాయన.

"వేళ్లు తగల్లేదు మేడమ్. జాకెట్ చెయ్యి తగిలి పడింది. పక్కనుంచి చూశాను."

"ఖచ్చితంగా?"

ఆయన గుటక మింగాడు. "ఖచ్చితంగా."

"నీకేమైనా అభ్యంతరమా?" హాసినిని అడిగింది అరుంధతి.

హాసిని అడ్డంగా తలూపింది. దొంగ దొరికిపోయిందనుకున్నాడు సాత్విక్.

ఎనిమిది ఎత్తుల తర్వాత ఆమె ఓటమి ఒప్పుకుని చెయ్యి కలిపింది.

సాత్విక్ గాల్లో తేలుతూ వరండాలోకి వచ్చాడు. పెద్దాయన అక్కడ ఒంటరిగా టీ తాగుతున్నాడు.

"బాగా ఆడావు బాబూ," అన్నాడు తెలుగులో.

"అరె, మీరు తెలుగువాళ్లా అంకుల్! మీరే లేకపోతే ఇవాళ నా పని గోవిందా!"

ఆయన నవ్వాడు.

"చూశారుగా, ఎంత పచ్చి అబద్ధమో! సీటు కోసం ఏ గడ్డైనా కరుస్తారు. ఇంట్లో ఎలా పెంచారో ఏమో!"

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. ఫ్లాస్కు మూత నెమ్మదిగా బిగించాడు.

"అబద్ధం కాదు బాబూ. ఆ కుర్చీలోంచి చూస్తే నీ వేళ్లే తగిలినట్టు కనిపిస్తుంది. నేనక్కడ కూర్చున్నా అలాగే అనేవాణ్ణి."

"మీరు మరీ మంచివాళ్లు అంకుల్. ఇంతకీ ఎవరికి బండి నడుపుతారు?"

ఆయన జవాబు చెప్పేలోపే తలుపు తోసుకుని హాసిని వచ్చింది. ముఖం కడుక్కున్నట్టుంది, కళ్ల ఎరుపు మాత్రం పోలేదు.

"సారీ సాత్విక్. నేను చూసింది తప్పు," అంది.

ఫరవాలేదన్నట్టు దర్జాగా తలూపాడు సాత్విక్.

ఆమె పెద్దాయన భుజం మీంచి ఒక సంచి అందుకుంది.

"పద నాన్నా, మెట్రోలో రద్దీ మొదలవుతుంది."