ముందు సీటు

“ఆ సీటు ఖాళీ లేదు సిస్టర్!” అన్నాడు ఫార్మసిస్టు, స్టీరింగు మీంచి చూపు తిప్పకుండా.

వెనక సీట్లో ఉన్న హెడ్ నర్సు ముందుకు వంగి చూసింది. అతని పక్క సీట్లో మనిషి లేడు. కనీసం అన్నం క్యారేజీ కూడా లేదు.

“నాకింకా చూపు మందగించలేదండీ! ఇవాళ రిసెప్షన్‌లో కొత్తగా చేరే ఆమెది మన కాలనీయే. ఒక్క సీటు ఇమ్మని నిన్న అడిగితే లేదన్నారు. ఆమెకి అదే చెప్పాను. రాత్రంతా మనసు ఒప్పుకోలేదు. దార్లోనే కదా, ఎక్కించుకుందాం.”

“ఎవరామె?”

“ఎవరైతే ఏం? పేరు చెబితే మొహమాటానికి ఇస్తారు, సీటుంటేనే అడగండి అని ఒట్టు వేయించుకుంది.”

“లేదని చెప్పాను కదా.”

నర్సు పక్కన కూర్చున్న ల్యాబ్ టెక్నీషియన్ కిటికీలోంచి బయటికి చూడసాగాడు. ఈ గొడవలో తలదూర్చితే ఎటు మాట్లాడినా తంటాయేనని అతనికి తెలుసు.

ఈ కారు ఏర్పాటు ఎక్స్‌రే టెక్నీషియన్‌ది. ఒకే కాలనీ, ఒకే ఆస్పత్రి, తలా ఒక కారు తీసి పిల్లల ఊపిరితిత్తులకి పొగ పెట్టడమెందుకని ఇంటింటికీ తిరిగి బతిమాలాడు, పోట్లాడాడు, చివరికి సాధించాడు. బీడీ ముట్టి ఎరుగని మనిషికి ‘పొగాయన’ అని పేరు పెట్టారు. ఆ పేరుకి అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే.

“పొగాయన పెట్టిన మొదటి రూలేమిటి? సీటు ఖాళీగా పోకూడదని కాదూ?” అంది నర్సు.

“రెండో రూలూ ఆయనదే.” అన్నాడు ఫార్మసిస్టు. “ఇంజను ఆన్‌లో పెట్టి ఎవరికోసమూ కాచుక్కూర్చోకూడదు. రెండు హారన్లు, రాకపోతే పోవడమే. ఆ రోజు రెండూ కొట్టాను సిస్టర్. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ మేడ మీంచి చెయ్యి ఊపాడు. ‘మీ రూలే గురువుగారూ’ అని వేళాకోళం ఆడి పోనిచ్చాను. ఒక్క నిమిషం ఆగి ఉంటే నా సొమ్మేం పోయేది?”

తమని అందుకోవాలని పొగాయన స్కూటరు తీశాడనీ, మలుపులో ఎదురుగా లారీ వచ్చిందనీ కారులో అందరికీ తెలుసు.

ఆనాటినుంచీ ఫార్మసిస్టు రోజూ పొగాయన ఇంటి గేటు ముందు కారు ఆపుతాడు. పక్కకి వంగి ముందు తలుపు తీస్తాడు. కాసేపు అలాగే ఉంచి మూస్తాడు. మూయగానే కారు కుయ్‌కుయ్‌మంటుంది. సీట్లో మనిషి ఉండి బెల్టు పెట్టుకోకపోతే వచ్చే మోత అది. మెకానిక్ చూసి “వైరు పోయింది సార్” అన్నాడు. పోయిన వైరు ఆ గేటు దగ్గరే ఎందుకు మోగుతుందో అతనూ చెప్పలేకపోయాడు. ఫార్మసిస్టు ఆ ఖాళీ సీటుకి బెల్టు పెడతాడు. మోత ఆగుతుంది. అప్పుడు కారు కదులుతుంది. మలుపు దాటేదాకా వెనకున్న ఇద్దరూ ఆ సీటు వంక చూడరు.

గేటు దాటి లోపలికి వెళ్ళి పొగాయన భార్యతో ఒక్క మాట చెప్పే ధైర్యం మాత్రం ఫార్మసిస్టుకి రాలేదు. ఏ మొహంతో వెళతాడు? కిటికీ కర్టెన్ వెనకనుంచి ఆవిడ చూస్తుందనీ, ఎప్పుడో ఒకప్పుడు క్షమిస్తుందనీ ఆశ.

“పోయినాయనకి సీటుంది కానీ బతికున్న మనిషికి లేదా?” నర్సుకి ఉక్రోషం వచ్చింది. “ఆమె సొంత బండి తీస్తానంటోంది. మళ్ళీ ఇంకో బండి, ఇంకో పొగ. ఆయన ఉంటే ఊరుకునేవాడా?”

“తియ్యనివ్వండి సిస్టర్. ఊళ్ళో ఇన్ని బండ్లు తిరుగుతున్నాయి, ఇంకొకటి తిరిగితే కొంపలేం మునగవు. ఇదొక్కటీ అడక్కండి. మీకు దణ్ణం పెడతాను.”

అన్నంత పనీ చేశాడు. స్టీరింగు వదిలి రెండు చేతులూ జోడించాడు. నర్సు ఏదో అనబోయి, ఒట్టు గుర్తొచ్చిందో ఏమో, పెదవి కొరుక్కుని వెనక్కి వాలింది.

కారు సందు తిరిగి ఆ గేటు ముందు ఆగింది. ఫార్మసిస్టు వంగి ముందు తలుపు తీశాడు. పొద్దుటి ఎండ వచ్చి సీటు మీద పడింది.

ఇన్నాళ్ళూ మూసి ఉన్న గేటు ఇవాళ కిర్రుమంటూ తెరుచుకుంది. ముందుగా ఒక చక్రం బయటికొచ్చింది. తర్వాత కొత్త హెడ్‌లైటు, దానికింద నొక్కుకుపోయిన పాత రేకు. ఆ వెనకాల హ్యాండిల్ పట్టుకుని బండిని నెట్టుకొస్తూ పొగాయన భార్య. మెడలో ఆస్పత్రి గుర్తింపు కార్డు వేలాడుతోంది.

ఫార్మసిస్టు చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. హెడ్ నర్సు తల దించుకుంది.

“చెల్లెమ్మా… నువ్వా…” అన్నాడు.

ఆవిడ ఆ తెరిచిన తలుపు వంకా, ఎండ పడిన సీటు వంకా చూసింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. పమిట కొంగు నడుముకి దోపుకుని, కిక్ రాడ్ మీద కాలు పెట్టి మొహమాటంగా నవ్వింది.

“సీటు లేదని సిస్టర్ చెప్పారులెండి అన్నయ్యగారూ, ఆయన స్కూటరే బాగుచేయించుకున్నాను. నాకోసం ఆగకండి, మీరు పదండి… వెనకాలే వచ్చి అందుకుంటాను.”